పేషెంట్ వస్తేనే

“పేషెంట్ రాకుండ ఫైల్ ఇయ్యం ఆంటీ” అంది నిషిత, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే.

ఆ మాట చెప్పడం అది మూడోసారి. త్రివేణి కౌంటర్ దగ్గర్నుంచి కదల్లేదు. పటాన్‌చెరు బస్టాండ్‌కు ఎదురుగా, చెప్పుల దుకాణం పై అంతస్తులో ఉంది ఆ పండ్ల దవాఖాన. బెంచీల మీద ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. అందరూ ఆమెనే చూస్తున్నారు.

“ఫైలంత నాకెందుకు బిడ్డా? నోరంత కనబడేటట్టు ఒక ఎక్స్‌రే తీసిన్రు గదా, అదొక్కటి ఇయ్యి. లింగం అని పేరుంటది. ఎండకాలంల తీసిన్రు.”

“ఆయన్నే వచ్చి తీస్కొమ్మను.”

“ఆయన రాలేడు.”

“అయితే ఫోన్ చేయమను. పేషెంట్ అడిగితే వాట్సాప్‌ల పెడ్తం.”

“ఫోన్ కలుస్తలేదు.”

నిషిత విసుగ్గా నిట్టూర్చి, తర్వాతి పేరు పిలిచింది.

పదకొండు దాటింది. ఇస్నాపూర్‌లో షేర్ ఆటో ఎక్కి తొమ్మిదింటికే వచ్చింది త్రివేణి. అప్పటికింకా షట్టర్ కూడా తీయలేదు. మెట్ల మీదే కూర్చుంది.

“నాలుగింటి లోపల సంగారెడ్డిల ఇయ్యాలె. జెర అర్థం చేస్కో” అంది మళ్లీ.

“సంగారెడ్డిలనా?” నిషిత ఇప్పుడు తల ఎత్తింది. “ఓ, వేరే డాక్టర్‌కు చూపిస్తున్నరా?”

త్రివేణి ఏదో చెప్పబోయింది. “ఆఁ” అని ఊరుకుంది.

అసలు ఆమె కోపం ఈ పిల్ల మీద కాదు. మొగుడు లింగం మీద.

రెండేళ్ల కింద జామకాయ కొరికితే కాయకు నెత్తురంటింది. ఆమే చూసింది. “దవాఖానకు పోదాం” అంది. “బ్రష్ గీసుకపోయింది తియ్” అన్నాడు. తర్వాత కొన్నాళ్లకు కింది ముందు పండ్లు పొడుగైనట్టు కనిపించాయి. “నీ పండ్లు పెరుగుతున్నయేంది?” అని అడిగితే పగలబడి నవ్వాడు. “నలభై ఏండ్లకు పండ్లు పెరుగుతయానే?”

పెరగలేదు. చిగుళ్లే దిగిపోతున్నాయి. చల్లటి నీళ్లు తాగితే ఒక కన్ను మూసుకునేవాడు. పండ్లు శుభ్రంగా లేవేమోనని గట్టి బ్రష్ కొనుక్కొచ్చి గిన్నె తోమినట్టు తోమేవాడు. ఏమన్నా అంటే ఒకటే మాట. “నొప్పి లేదు గదా. నొప్పొస్తే పోదాం.”

కానీ సిగ్గు మాత్రం వచ్చింది. ఫోటో తీస్తే నోరు మూసుకునేవాడు. మరిది పెండ్లి ఫోటోలన్నీ నిన్నంతా ఫోన్లో వెతికింది త్రివేణి. ఒక్కదాంట్లో కూడా పండ్లు కనిపించలేదు.

మే నెలలో త్రివేణి రెండు రోజులు మాట్లాడటం మానేస్తే, వీక్లీ ఆఫ్ రోజు ఆమె వెంట ఇక్కడికి వచ్చాడు. ఎక్స్‌రే తీశారు. పదిహేను రోజుల్లో క్లీనింగ్‌కు రమ్మన్నారు. ఒకసారి ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ అన్నాడు. ఒకసారి బోనాలన్నాడు. మరోసారి షిఫ్ట్ మారిందన్నాడు. రాలేదు.

గది తలుపు తెరుచుకుంది. డాక్టర్ స్నేహలత బయటికి వచ్చింది.

“ఏంది నిషితా, లొల్లి?”

“ఎక్స్‌రే కావాల్నట మేడం. సంగారెడ్డిల వేరే డాక్టర్‌కు చూపిస్తరట.”

డాక్టర్ ముఖం మాడింది. “మే నెలల చూపించుకొని మళ్లీ ముఖం చూపియ్యలేదు ఆయన. ఇప్పుడు ఎక్స్‌రే నాది, ట్రీట్‌మెంట్ వేరేవాళ్లదా?”

“అది కాదు మేడం...”

“నిషితా, ఆ ఫైల్ తెరువు.”

స్క్రీన్ మీద లింగం నోరు తెల్లగా, నల్లగా తేలింది. డాక్టర్ పెన్నుతో చూపించింది. “చూడమ్మా. ఎముక ఇక్కడిదాక ఉండాలె. ఇంత కిందికి దిగింది. ఈ ముందు పన్ను పక్కకు తిరిగింది. ఈ వెనుక దవడ పన్ను వేరు కొక్కెం లెక్క వంగింది. వందమందిలో కలిపినా ఈ నోరు నేను గుర్తుపడ్తా.”

“పడ్తరా మేడం?” త్రివేణి కౌంటర్ అంచు పట్టుకుంది. “తప్పు పోదు గదా?”

“ఎందుకు పోతది?” డాక్టర్ గొంతు కాస్త మెత్తబడింది. “రక్తం కనబడ్డప్పుడే రావాలమ్మా. పన్ను పొడుగైనట్టు అనిపించినా, సందులు పెరిగినా, చల్లనీళ్లకు జివ్వుమన్నా ఆగొద్దు. నొప్పి కోసం ఎదురుచూస్తే, అది వచ్చేనాటికి పన్ను కదులుతుంటది.”

“గివన్నీ నేను చెప్పిన మేడం!” త్రివేణి గొంతు ఒక్కసారిగా లేచింది. బెంచీల మీది వాళ్లు ఉలిక్కిపడ్డారు. “రెండేండ్ల సంది చెప్పిన. నోరు నొచ్చేదాక చెప్పిన. విన్లే. ఏ ఒక్కటీ విన్లే!”

డాక్టర్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “సరే, కోపం చేసుకోకు. దిగిన చిగురు దానంతట అది ఎక్కదు. కానీ ఇంక దిగకుండ ఆపొచ్చు. ఇప్పటికీ మించిపోయింది లేదు. ఆ సంగారెడ్డి డాక్టర్ ఎవరో గానీ, ముందు మీ ఆయన్నొకసారి నా దగ్గరికి పంపు. నేను మాట్లాడ్తా.”

త్రివేణి స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు.

“ఫ్యాక్టరీల కాలిపోయినోళ్లు నలుగురూ ఒక్కతీరుగనే ఉన్నరు మేడం, ఈ ఎక్స్‌రే తెస్తేనే అందుల మాయన ఎవరో సంగారెడ్డి దవాఖానోళ్లు చెప్తమన్నరు.”