ఫోన్‌లో పడ్డ గండి

తమ పొలంలోని కుంట కట్ట తెగిందని ఫోన్ పొద్దుటి నుంచి మొత్తుకుంటోంది. కట్ట మీదే నిలబడ్డ హారికకు మాత్రం నీళ్లు నిండుగా, నిమ్మళంగా కనబడుతున్నాయి. ఇప్పుడు ప్రతి ఇంటికీ, ప్రతి కుంటకూ ఫోన్‌లో అచ్చం అలాంటిదే ఒక నకలు ఉంటోంది. తెగింది ఆ నకలు కట్ట. అయినా దిగువనున్న వాళ్లంతా కోళ్లను చంకన పెట్టుకుని గుట్టెక్కేశారు.

"రజితక్కా, దిగి రాండ్రి! కట్ట మంచిగనే ఉంది," అని హారిక కేకేసింది.

"మా ఇల్లు మునిగిందని చూపెడుతుంది గదా, ఎట్ల వస్తం?" అంది రజిత, పొడిగా ఉన్న తన ఇంటినే చూస్తూ.

హారిక భర్త నరేందర్ పార తెచ్చాడు. "ఏడ తెగిందో చూపెట్టమను. ఆడనే పూడుస్త."

"ఏం పూడుస్తవయ్యా? గడ్డి గూడ నలగలేదు."

"నాకూ తెల్వది. పూడిస్తెనన్న నోరు మూసుకుంటదేమో."

దూరం నుంచి మట్టి మోసే ఓపిక లేక అతను కట్ట అడుగునే తవ్వాడు. ఆమె గంపలకెత్తి, ఫోన్ చూపిన చోట పోసింది. లేని గండికి ఎంత మట్టి పడుతుందో ఇద్దరికీ అర్థం కాలేదు.

చివరికి ఫోన్ శాంతించింది. "గండి పూడింది. కట్ట క్షేమం."

గుట్ట మీది వాళ్లు కోళ్లతో సహా దిగడం మొదలుపెట్టారు.

తవ్విన గుంటలో నిలబడి నరేందర్ కిందికి చూసుకున్నాడు. "హారికా, నా కాళ్లెందుకు తడుస్తున్నయ్?"

ఆమె వంగి చూసి, గుట్ట వైపు పరుగెత్తింది. "రాకుండ్రి! ఆడనే ఉండుండ్రి!"

రజిత నవ్వుతూ తన ఫోన్ ఎత్తి చూపించి, దిగుతూనే ఉంది.