రెండు పూతలు

"రేకుకి నల్లరంగేమిట్రా ఆల్విన్? మతి పోయిందా నీకు?"

స్నేహితుడు డెల్మర్ తలుపు తోసుకుని వస్తూనే అరిచాడు. ఆల్విన్ తలెత్తలేదు. సన్నటి కుంచెతో రేకు బొమ్మ రైల్వేస్టేషన్ లోపలి గోడకి రెండో పూత వేస్తున్నాడు.

"ప్లాస్టిక్ బొమ్మ ఇళ్ళకైతే వేస్తాం. వెయ్యకపోతే లైటు పెట్టగానే గోడలన్నీ కాగితపు లాంతరులా వెలిగిపోతాయి. ఇది రేకు కదరా! రేకులోంచి వెలుగు బయటికొస్తుందా? పైగా డెబ్భై ఏళ్ళ నాటి రంగు. పాత సామాను పోగేసేవాళ్ళు చూస్తే గుండె ఆగి చస్తారు."

"చేతికి అలవాటైపోయిందిలే" అన్నాడు ఆల్విన్.

"అలవాటట! రేపు మీ ఆవిడ కాఫీలో కూడా కలుపుతావు ఆ రంగు."

ఎప్పుడూ ఇలాంటి మాటకి రెండు మాటలు అంటించే ఆల్విన్ ఆరోజు కుంచెని మళ్ళీ డబ్బాలో ముంచాడు.

ఆ స్టేషన్ ఆల్విన్ వాళ్ళ నాన్నది. ఆయన ఆల్టూనా ఊళ్ళో రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసేవాడు. ఎవరికి ఏది ఇచ్చినా దాని అడుగున పెన్సిల్‌తో వాళ్ళ పేరు రాసి ఇచ్చేవాడు. ఆ ఇంట్లో ఏ పీట తిరగేసినా, ఏ గిన్నె తిరగేసినా ఓ పేరు ఉండేది.

ఆయన పోయిన రోజు, సమాధి దగ్గర్నుంచి వచ్చి అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు చెల్లెలు రోజలీ అంది: "స్టేషన్ నాది అన్నయ్యా. లైటు పెట్టి ఇస్తానని నాన్న నాకు మాటిచ్చాడు."

"ఇస్తే పేరు రాసేవాడుగా" అన్నాడు ఆల్విన్. లేచి వెళ్ళి స్టేషన్ తెచ్చి, అందరి ముందూ తిరగేశాడు.

అడుగున ఉత్త రేకు.

"చచ్చినవాడి పేరు చెప్పి అబద్ధమాడకూడదమ్మా" అంది మేనత్త, నోట్లో ముద్ద నోట్లో ఉండగానే. ఎవరో నవ్వారు. రోజలీ కోటు తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు. ఒకే గుడికి వెళ్ళేవారు. ఆమె కుడివైపు బల్లల్లో, అతను ఎడమవైపు.

ఏటా క్రిస్మస్‌కి గుడి హాల్లో బొమ్మ రైళ్ళు పరిచి ఊరందరికీ చూపిస్తారు. ఆ స్టేషన్ ఎప్పుడూ మధ్యలో ఉండేది, చీకటిగా. లైటు పెట్టమని అందరూ అనేవారు. పెట్టాలంటే పైకప్పు విప్పాలి. కప్పుని పట్టి ఉంచేవి నాలుగు రేకు నాలుకలు. పాత రేకు కదా, వంచితే విరుగుతుందని ఆల్విన్ ఎన్నడూ ముట్టుకోలేదు.

ఈ ఏడు రోజలీ కళ్ళు మసకబారుతున్నాయని తెలిసింది. ఆల్విన్‌కి ఏమనిపించిందో, డెల్మర్ చేత కబురు పంపాడు. "స్టేషన్‌కి లైటు పెడుతున్నాను. వచ్చి చూడమను."

కబురు పంపిన మూడో రోజున పైకప్పు విప్పాడు. ఆ సాయంత్రమే వెళ్ళి నల్లరంగు డబ్బా కొనుక్కొచ్చాడు.

శనివారం గుడికి వెళ్ళి ఫాదరు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వరుసలో నిలబడ్డాడు. తన ముందు ఇంకా ఇద్దరున్నారనగా మోకాలు నొప్పి అని ఇంటికొచ్చేశాడు.

ఆదివారం పూజ అయ్యాక హాల్లో జనం కిటకిటలాడారు. రోజలీ వచ్చింది. చేతిలో అక్రోటు రొట్టె, గుడ్డలో చుట్టి.

"ఏం అన్నయ్యా, చిక్కిపోయావు."

"నువ్వు మాత్రం? గాలొస్తే ఎగిరిపోయేట్టున్నావు."

"అందుకే రొట్టె బరువు పెట్టుకొచ్చాను" అంది. ఇద్దరూ నవ్వారు.

డెల్మర్ కిటికీల తెరలు దించాడు. ఆల్విన్ మీట నొక్కాడు. గుండుసూది తలంత బల్బులు మూడు వెలిగాయి. టికెట్ల కిటికీ పసుపుపచ్చగా మెరిసింది. జనం చప్పట్లు కొట్టారు.

రోజలీ మోకాళ్ళ మీద కూర్చుని, కాస్త చూపు మిగిలిన కన్ను కిటికీకి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

"లోపలంతా నల్లగా ఉందేం? నా చిన్నప్పుడు మీగడ రంగు ఉండేదిగా."

"వెలుగు బయటికి కారకుండా వేస్తారులే."

డెల్మర్ ఏదో అనబోయాడు. ఆల్విన్ అతని చేతిలో కాఫీ కప్పు పెట్టాడు.

రోజలీ బల్ల పట్టుకుని లేచింది. లేస్తుంటే ఆమె మోచెయ్యి తగిలి స్టేషన్ ముందున్న అట్టముక్క పడిపోయింది. తీసి, కంటి దగ్గర పెట్టుకుని చదివింది. 'ఆల్విన్ గారి సొంత స్టేషన్.' మళ్ళీ దాన్ని నిటారుగా నిలబెట్టింది.

"నాన్న మాటిచ్చాడని నేనే ఊహించుకున్నానేమో అన్నయ్యా. చిన్నదాన్ని కదా అప్పుడు. దానికి ఇన్నేళ్ళూ నిన్ను తిట్టుకున్నాను. దేవుడి ముందు కూడా తిట్టాను. నన్ను క్షమించు."

"పోనీలే రోజీ. పండగ పూట అవన్నీ ఎందుకు?"

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. బొటనవేలి గోరు పక్కన నల్లమరక కనిపించింది. చేతిరుమాలు కొస నాలుకతో తడిపి, అమ్మ తుడిచినట్టే, నెమ్మదిగా తుడవసాగింది.

రేకులోంచి వెలుగు బయటికి రాదని ఆల్విన్‌కీ తెలుసు. రెండు పూతలు వేసి అతను కప్పింది, పైకప్పు విప్పగానే లోపలి గోడ మీద కనబడిన నాన్న పెన్సిల్ రాతని: 'ఇది మా రోజీది. లైటు పెట్టి ఇవ్వాలి.'