ఈడ్పుకాలు

ఆ పెద్దాయన నాలుగో వీడియో గేమ్ మెషిన్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎంత చెప్పినా లేవడు.

ఆయన లేవకపోతే దాన్ని తుక్కు బండి ఎక్కించడం కుదరదు. కూలీలిద్దరూ తాళ్లు పట్టుకుని పావుగంటగా నిలబడ్డారు.

కబురందుకుని ఛాంపియన్ గారు వేంచేశారు.

ఎప్పుడో కుర్రతనంలో ఒక ఫైటింగ్ గేమ్ పోటీలో కప్పు గెలిచాడు. ఆ కప్పు పుణ్యమా అని ఇప్పటిదాకా ఆటల మీద తీర్పులు చెప్పుకుని బతుకుతున్నాడు. ఏది గొప్పదో, ఏది చెత్తో ఆయన సెలవిస్తే తప్ప ఆయన భక్తులకు తెలియదు. సొంత బుర్ర వాడితే అరిగిపోతుందని వాళ్ల భయం.

ఆ గేమ్‌కి ఏడు భాగాలున్నాయి, భాగానికో మెషిన్. పాత ఆటల మ్యూజియంలో ఆరింటికే చోటుంది. ఆటగాళ్లకు కలకాలం గుర్తుండేవేవో తేల్చమని మేనేజరమ్మ ఆయన్నే అడిగింది. ఆయన క్షణమైనా ఆలోచించకుండా నాలుగోది పారేయమన్నాడు.

కారణం ఆటగాళ్లందరికీ తెలిసిందే. నాలుగో భాగంలో వీరుడు గాల్లోకి లేచి, గిర్రున తిరిగి తంతాడు. కిందికి దిగాక ఎడమ కాలు సగం చుట్టు ఈడ్చి, తొడ మీద రెండుసార్లు తట్టుకుంటాడు. ఆ సందులో అవతలివాడు నాలుగు వాయిస్తాడు. వీరుడికి ఈడ్పుకాలు అని పేరు పెట్టి ఇరవై ఏళ్లుగా నవ్వుతున్నారు. 'ఈ నడక పెట్టినవాడు జన్మలో మనిషి నడవగా చూసి ఉండడు' అని ఛాంపియన్ రాసిన మాట భక్తులకు కంఠతా వచ్చు.

"ఏం బాబాయ్, ఇంకా నవ్వడం పూర్తి కాలేదా?" అన్నాడు ఛాంపియన్.

పెద్దాయన తల తిప్పలేదు. ఒకటే బటన్ నొక్కుతున్నాడు. తన్ను, ఈడ్పు. తన్ను, ఈడ్పు. అవతలివాడు చితక్కొడుతున్నా పట్టించుకోవడం లేదు.

ఆడటం కూడా రానివాడికి ఈ బెట్టొకటి అనుకుని ఛాంపియన్ మూతి తిప్పాడు.

"దీన్ని ఉంచెయ్యండి బాబూ. ఏ మూలనో పెట్టినా చాలు."

తన్ను కోసమైతే బెంగ అక్కర్లేదని ఛాంపియన్ అభయమిచ్చాడు. తర్వాతి భాగాలన్నిట్లోనూ అదే తన్ను ఉంది, ఈడ్పు మాత్రం కత్తిరించారు. తను కప్పు కొట్టింది ఆ తన్నుతోనేనంటూ జేబులోంచి తన కార్డు తీసి ఇచ్చాడు. దాని మీద గాల్లో తంతున్న వీరుడి బొమ్మ.

పెద్దాయన ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"తన్ను అన్నిట్లోనూ ఉంది. తన్నాక ఏమైందో దీంట్లోనే ఉంది."

"ఏమవుతుంది, తప్పయింది. నిజం మనిషి చేత తన్నించి కెమెరాతో తీసిందే కదా. ఇంకోసారి తన్నించి తీయలేకపోయారా?"

"ఆ రోజు ఇంకోసారి కుదరలేదు బాబూ."

ఛాంపియన్ ఫక్కున నవ్వాడు. ప్రతి చెత్త ఆటకూ ఇలా కథలల్లే అభిమాని ఒకడు ఉండనే ఉంటాడు.

మేనేజరమ్మకు జాలేసింది. కాస్త సర్దితే ఏడోదానికీ చోటు దొరుకుతుందేమోనని నసిగింది.

"దీన్ని గుర్తుంచుకునేవాడు ఒక్కడంటే ఒక్కణ్ని చూపించండి, ఉంచేద్దాం," అన్నాడు ఛాంపియన్.

ఆమె పెద్దాయన వైపు చూసింది. జాబితా మీద సంతకం కోసం ఛాంపియన్‌ని ఆఫీసు గదిలోకి తీసుకెళ్లింది.

సంతకం చేసి, కాఫీ తాగి వచ్చేసరికి స్టూలు ఖాళీ. మెషిన్ ఉన్న చోట నాలుగు పలకల దుమ్ము మరక మిగిలింది. బండి వీధి మలుపు తిరిగిపోయింది.

కార్డు స్టూలు మీదే ఉంది. తనిచ్చిన కార్డును వదిలేసి పోయినందుకు ఛాంపియన్‌కు ఒళ్లు మండింది. దాన్ని తీసుకుని, నాలుగు చీవాట్లు పెడదామని కిటికీలోంచి తొంగిచూశాడు.



కార్డు మీద గాల్లో ఉన్న మనిషి, కింద కమ్మీ పట్టుకుని చివరి మెట్టు దిగి, ఎడమ కాలు సగం చుట్టు ఈడ్చి, తొడ మీద రెండుసార్లు తట్టుకుని, నడుచుకుంటూ వెళ్లిపోయాడు.