జీపు కింద మనిషి

జీపు కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపించినయి.

హాతీరాం ఆ కాళ్లు పట్టి గుంజిండు.

యాభై ఏళ్ల మనిషి బయటపడ్డడు. గూడెంల ఎవరూ చూడని మొహం. అంగీ నిండ దుమ్ము.

"ఎవడివిరా? నా బండి కింద నీకేం పని?"

"బ్రేకులు సరిగా లేవు తమ్ముడూ. ఈ బండిని గుట్ట దించకు. ముందు మెకానిక్‌కి చూపించు."

"నిన్ననే నేను బాగు జేసిన."

"ఎట్లా చేశావ్?"

"ఎడమ దిక్కు ముందు చక్రంకాడ ఆయిల్ కారుతుంటే, దానికి పోయే పైపు మడిచి సుత్తెతోటి కొట్టిన. ఇగ అటు ఆయిల్ పోదు. మిగిలిన మూడు చక్రాలు పట్టుకుంటయి. ఏం, నీకు లెక్క అప్పజెప్పాల్నా?"

ఆ మనిషి కుడి ఎనక చక్రం దిక్కు చూసిండు.

సెకండ్ హ్యాండ్‌ల ఈ జీపు కొన్నకాడి నుంచి హాతీరాం మెకానిక్ గడప తొక్కలే. క్లచ్ తనే చేసుకుంటడు, పంక్చర్ తనే వేసుకుంటడు. మెకానిక్ అంటే ఒక బోల్టు బిగించి రెండు వదులు చేసి పంపేటోడని అతని నమ్మకం.

జీపు చుట్టూ కన్నమ్మ కూలీల గుంపు నిలబడి ఉంది. మిరపకాయలు ఏరనీకి ఎర్రుపాలెం చేన్లకు పోతున్నరు. పిల్లలు, గిన్నెలు, కోళ్లు, అన్నీ జీపులనే. ఏటా గింతే. గూడెం గూడెం లేచి చేన్లల్ల గుడిసెలేసుకుంటది. పొద్దుగూకే లోపల చేరకపోతే చేను ఇంకో గుంపు పట్టుకుంటది. చేను పోతే వానాకాలం దాక తిండికి ఎతుకులాటే.

కొత్త మనిషి ఆడోళ్ల దిక్కు తిరిగిండు.

"అమ్మా, మీరు ఈ బండి ఎక్కకండి."

"ఎక్కకపోతే నువ్వు మోసుకపోతవా అయ్యా?" అన్నది కన్నమ్మ.

ఆడోళ్లు నవ్విండ్రు.

హాతీరాం నవ్వలే.

"ఏ మెకానిక్ పంపిండు నిన్ను? గిరాకీకి ఎంత ముడుతది?"

"ఎవరూ పంపలేదు."

"మరి నా బండి బ్రేకు సంగతి నీకెట్ల ఎరుక?"

జవాబు లేదు.

ఆ జవాబు లేకపోవుడే కొంప ముంచింది.

ఆ రోజుల్ల అడవిలకు కొత్త మనిషి వస్తే రెండే పేర్లు. కిందికి వంగితే మందుపాతర పెట్టేటోడు. నిలబడి చూస్తే పోలీసు ఇన్ఫార్మర్. ఉత్త మనిషిగ నడిచిపోయే హక్కు ఎవనికీ లేకుండె.

"హాతీరామన్నా, బండి కింద ఏమన్న కట్టిండేమో సూడే" అన్నది కన్నమ్మ మెల్లగ.

అంతే. జీపుల ఉన్న పిల్లలంతా దుంకిండ్రు. గిన్నెలు దొర్లినయి. ఎవరో తువ్వాలతోటి ఆ మనిషి చేతులు ఎనక్కి కట్టిండ్రు. రోడ్డు మీది ఔట్‌పోస్టుకు నడిపించిండ్రు.

అతను గింజుకోలే.

"నన్ను ఏమన్నా చేసుకోండి. బండి మాత్రం విప్పించండి" అన్నడు. అదొక్కటే మాట, తొవ్వ పొడుగూత.

బాంబు మాట ఇన్నంక ఎస్సై జీపును కదలనియ్యలే. మణుగూరు నుంచి భాస్కర్ అనే మెకానిక్‌ను పిలిపించిండు. "మొత్తం విప్పి చూడు" అన్నడు. పోలీసోళ్లు పోయి మట్టికట్ట అవతల నిలబడ్డరు. బాంబు పేలితే పోయేది మెకానిక్. సర్కారుకేం నష్టం?

భాస్కర్ చానసేపు కింద పండుకొని చూసిండు. చేతులు తుడుచుకుంట బయటికొచ్చిండు.

"బాంబు లేదు."

అందరూ ఊపిరి పీల్చుకున్నరు.

"బ్రేకులు గూడ లేవు."

"ఏందే? మూడు చక్రాలకు ఉన్నయి గద" అన్నడు హాతీరాం.

"ఎడమ ముందుది నువ్వు మడిచినవ్. కుడి ఎనకది నీకన్న ముందే ఎవడో మడిచిండు, తుప్పు గూడ పట్టింది. మిగిలిన రెండిట్ల ఒక పైపు నెర్రెలిచ్చింది. గింత లోడు తోటి గుట్ట మీద బ్రేకు తొక్కినవనుకో, పెడల్ అడుగంట పోతది. మీరంత పోయి వాగుల తేలుతరు."

కన్నమ్మ పిల్లను దగ్గరికి గుంజుకున్నది. ఈసారి ఎవరూ నవ్వలే.

హాతీరాం ఔట్‌పోస్టుకు ఉరికిండు.

"సార్, పొద్దుగాల అప్పజెప్పిన మనిషిని ఇడిచిపెట్టుండ్రి. ఆయన తప్పేం లేదు."

"ఏ మనిషి?" అన్నడు కానిస్టేబుల్.

"నేనే పట్టుకొచ్చిన గద సార్, చేతులు కట్టి."

"ఇక్కడ ఎవరినీ పట్టుకోలేదు."

"సార్..."

"చెప్తే అర్థం కాదా? నీ పేరు గూడ రాసుకోమంటవా?"

హాతీరాం ఎనక్కి తిరిగిండు. కొత్త పైపులు ఏయించుకొని గుంపును చేన్ల దింపొచ్చిండు. మళ్లీ పోయి అడిగిండు. మళ్లీ అదే మాట. పోయినప్పుడల్లా అదే మాట.

ఒకరోజు ఔట్‌పోస్టు గేటు కాడ ఒక ఆమె కూర్చొని ఉన్నది. జీపు ఆగంగనే లేచింది. హాతీరాంను చూడలే, నంబర్ ప్లేటును చూసింది.

"మీరెవరమ్మా?"

"ప్రమీల. మాది ఎర్రుపాలెం. బండి దొరికిందని మా ఆయన మణుగూరు నుంచి ఫోన్ చేశాడు. ఆ తర్వాత జాడ లేదు. ఇక్కడ అడిగితే ఎవరినీ పట్టుకోలేదంటున్నారు."

"నా బండి ఆయనకెందుకమ్మా?"

ఆమె జీపు ముందు సీటు మీద చెయ్యి పెట్టింది.

"ఇది మా బండే బాబూ. మా పాప ఈ సీట్లోనే పోయింది. ఆ తర్వాత అమ్మేశాం. కొన్నవాళ్లకు ఏమీ చెప్పలేదు. అప్పటినుంచి ఆయనకు నిద్ర లేదు, ఊరూరా ఈ నంబరు వెతుకుతూనే ఉన్నాడు."

"ఆ రోజు బ్రేకు పట్టలేదా అమ్మా?"

"ఎట్లా పడుతుంది బాబూ, మెకానిక్ దండగని ఆ కుడి వెనక పైపు మడిచి కొట్టింది ఆయనే."