కోటకి గడువు

"కోటి" అని వినిపించింది టైలరుకి.

రిఫరీ మేడమ్ చీటీ విప్పి చదివినప్పుడు నెత్తిమీద ఫ్యాను గరగరమంటోంది. మొదటి అక్షరాన్ని దాని రెక్కలే నమిలేశాయి కాబోలు. పక్క బల్లలవాళ్ళకీ అలాగే వినబడి ఘొల్లుమన్నారు. టైలరు మాత్రం నవ్వలేదు. కోటి రౌండ్లంటే ఎన్ని అరగంటలో, ఎన్నేళ్ళో మనసులోనే లెక్కకట్టడం మొదలుపెట్టాడు. ఆ లెక్క తెమలకముందే మొహం వెలిగిపోయింది.

"కోటి కాదండీ, ఒకటి," అంది మేడమ్ చీటీ తిప్పి చూపిస్తూ. "ఒకే ఒక్క రౌండు."

వెలిగిన మొహానికి కరెంటు పోయింది.

బొమ్మ సైనికులతో కోటని ముట్టడించే ఆట అది, దానికో పోటీ. ముట్టడించే సైన్యానికి బలమెక్కువ. కోటలో ఉన్నవాళ్ళ పని గోడలు పట్టుకు వేలాడటమే. అందరికీ ముట్టడే కావాలంటారు కాబట్టి పక్షాలకి వేలం పెట్టారు. పేరుకి వేలంపాట, రాగమూ లేదు తాళమూ లేదు. ఎన్ని రౌండ్లలో కోట గెలుస్తారో ఇద్దరూ చెరో చీటీ మీద రాసి మడిచి ఇస్తారు. తక్కువ రాసినవాళ్ళకి ముట్టడి, రెండోవాళ్ళకి కోట. రాసిన గడువులోగా కోట చిక్కకపోతే రాసినవాడు ఓడినట్టే. పన్నెండుకి మించి రాయకూడదు. తెలివైనవాళ్ళు ఏడో ఎనిమిదో రాస్తారు.

టైలరు పన్నెండు రాశాడు. అతనికి కోటా అక్కర్లేదు, ముట్టడీ అక్కర్లేదు. మామూలుగా రౌండుకి అరగంట పడుతుంది. అవతలివాడు ఏడు రాసినా మూడున్నర గంటలు. ఆ మూడున్నర గంటలూ బల్లకి అవతలి కుర్చీలో బావమరిది కూర్చుని ఉంటాడు. అతనికి కావలసింది అంతే.

బావమరిది లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం మందిని పైకి తెచ్చిన మనిషి, తను మాత్రం నాలుగేళ్ళుగా ఒక్క మెట్టు దిగిరాలేదు. ఇలాంటి బల్ల దగ్గరే, ఇదే ఆటలో ఇద్దరికీ మాట తేడా వచ్చింది. అప్పట్నించీ టైలరు ఎదురైతే రోడ్డు దాటేస్తాడు. తెగినవన్నీ కుట్టిపెట్టే టైలరుకి ఈ ఒక్కటి కుట్టడం చేతకాలేదు. అంచు దొరికితేగా! ఇద్దరికీ ఒకే బల్ల పడిందని తెలిసిన దగ్గర్నుంచి వారం రోజులు చొక్కాలకి కుడి చెయ్యి ఎడమవైపు, ఎడమ చెయ్యి కుడివైపు కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టాడు.

ఒక్క రౌండులో కోట ఇంతవరకూ ఎవరూ గెలవలేదని, కావాలంటే చీటీ మార్చుకోవచ్చని మేడమ్ నచ్చజెప్పింది.

"రాసింది రాసిందే మేడమ్," అన్నాడు బావమరిది. "కోటలో ఉన్న ఆయన్ని మొదలెట్టమనండి."

ఆయన్నట! బావ అనడానికి కూడా వాడికి నోరు రాలేదు. ఈ మొహాన్ని చూస్తూ కూర్చునేకంటే అరగంటలో ఓడి పోవడమే నయమనుకున్నాడన్నమాట.

గోడల మీద ఇరవై మందిని నిలబెట్టాలి. ఒక్కొక్కణ్ణీ తీసి, చొక్కా కొసతో తుడిచి, నిలబెట్టి, నచ్చనట్టు మళ్ళీ తీశాడు. ఎంత సాగదీసినా పది నిమిషాలకి మించి సాగలేదు. బట్టయితే సాగేది. ఓరగా అవతలికి చూశాడు. బావమరిది చెంపలు నెరిశాయి. ఒంటి మీద చొక్కా ఇంకెవడో కుట్టాడు, భుజం అరంగుళం జారింది. నాలుగేళ్ళ నుంచి ఎవడు తీసుకుంటున్నాడో వీడి కొలతలు! ఆ అరంగుళం టైలరు కంట్లో నలుసై కూర్చుంది.

బావమరిది ఒక గుర్రపురౌతుని ఎత్తాడు. ఎత్తి, అలాగే పట్టుకుని, కోట వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఒక్క దెబ్బలో గెలిచి పోదామని ఎత్తు వేస్తున్నాడు కాబోలనుకున్నాడు టైలరు. ఆ గిట్టలు బల్లకి తగిలితే ఆట అయిపోయినట్టే. కుర్చీ వెనక్కి జరుగుతుంది, వీపు కనబడుతుంది, ఆ అరంగుళం జారిన భుజం గుమ్మం దాటుతుంది. మళ్ళీ ఎన్నాళ్ళకో. ముప్పావుగంట గడిచింది. టైలరు చూపు గుర్రం మీంచి కదలలేదు.

ఇక ఉగ్గబట్టలేకపోయాడు.

"అంత తొందరైతే రాకపోయావురా," అన్నాడు. గట్టిగా అందామనుకున్నాడు గానీ మాట సన్నగా వచ్చింది. "నేను పన్నెండు రాశాను."

పక్క బల్లలవాళ్ళు ఆటలాపి ఇటు తిరిగారు. మేడమ్ వచ్చి, గుర్రం గాల్లో ఉండి ఎంతసేపైందో గమనించారా అని అడిగింది.

"రౌండుకి ఇంత టైమని మీ పుస్తకంలో ఎక్కడైనా ఉందా మేడమ్?" అన్నాడు బావమరిది.

ఆవిడ పుస్తకం మొదట్నుంచి చివరిదాకా తిరగేసింది. లేదంది. ఆడేవాళ్ళకే తర్వాతి రౌండు తొందర ఉంటుంది కాబట్టి ఎవరికీ ఆ అవసరం పడలేదంది.

బావమరిది గుర్రాన్ని గుప్పిట్లో బిగించి, నాలుగేళ్ళలో మొదటిసారి టైలరు కళ్ళలోకి చూశాడు.

"పోయినసారి మూడో రౌండులోనే కదా బావా మనకి చెడింది," అన్నాడు, హాల్లో అందరికీ వినబడేట్టు. "అందుకే ఈసారి ఒకటి దాటనివ్వకూడదనుకున్నా. దీన్ని నేనెలాగూ ఇప్పట్లో కింద పెట్టను, అక్క ఎలా ఉందో చెప్పు."