పన్నెండో దీపం

"నీ పన్నెండు దీపాలూ నువ్వే పీక్కుపో రైమో!" అన్నాడు తౌనో, పశువుల కొట్టం తలుపు తీస్తూనే. "రెండు నెలలు రాత్రీ పగలూ వెలిగించాను. ఒక్క పెయ్యకి ఒళ్ళు రాలేదు. ఒక్కటీ ఎదకు రాలేదు."

దీపాలు అమ్మిన రైమో చూపు తౌనో భుజం మీదుగా వెళ్ళింది. తౌనో వెనక ఆరుగురు రైతులు నిలబడి ఉన్నారు. ల్యాప్‌లాండ్‌లో ఆ ఏటి ఒడ్డున తౌనో కాక పాడి ఉన్నవాళ్ళంతా ఆ ఆరుగురే. ఈ కొట్టంలో దీపం దిగిందంటే ఆరు కొట్టాల్లో ఎక్కదు.

"రాత్రీ పగలూ అంటే?" అని మెల్లగా అడిగాడు. "పదహారు గంటలు వెలగాలి, ఎనిమిది గంటలు ఆరాలి అని కాగితం మీద రాసిచ్చాను కదండీ?"

"పదహారు గంటలకే అంత పెరిగేవి ఇరవై నాలుగు గంటలకి ఇంకో సగం పెరగాలిగా! నాకు లెక్కలు రావనుకున్నావా?"

రైతులు తలలూపారు. చలికాలంలో వారాల తరబడి సూర్యుడి మొహం చూడనివాళ్ళు. వెలుగు ఎక్కువై చెడిందంటే ఎలా నమ్ముతారు?

"పశువు లెక్క వేరండీ. చీకట్లో దాని ఒంట్లో ఒక హార్మోను ఊరుతుంది. వెలుగు పడగానే ఆగుతుంది. అక్కణ్ణించి పగలు ఎంతసేపుందో అది లెక్కపెట్టుకుంటుంది. పగలు పెద్దదైతే వేసవి వచ్చిందనుకుని పెరుగుతుంది. మీరు చీకటే లేకుండా చేశారు. పాపం, లెక్క ఎక్కడ మొదలుపెడుతుంది?"

"అయితే చీకటి కూడా నీ దగ్గరే కొనాలా? బయట ఊరంతా ఉంది, కావలసినంత పట్టుకుపో!"

అందరూ గొల్లున నవ్వారు. ఒకాయన జేబులోంచి ఆర్డరు కాగితం తీశాడు, చింపడానికి.

రైమో చూపు కొట్టం చివర ఉన్న చిన్న గది మీద పడింది. మూసిన తలుపు సందులోంచి వెలుగు వస్తోంది.

"అదేమిటి?"

"మా ఆవిడ కోళ్ళ గది. చోటు చాలక నాలుగు పెయ్యల్ని అందులో కట్టాం. ఆ రాజ్యం హిల్కాది, నేను అడుగు పెట్టను. దానికో దీపం ఇచ్చి ఊరుకున్నాను."

రైమో గబగబా వెళ్ళి తలుపు తోశాడు. నాలుగు పెయ్యలూ నున్నగా నిగనిగలాడుతున్నాయి. పైకి కూడా చూడకుండా టేపు తీసి వాటి ఛాతీలు కొలిచాడు. కొట్టంలోని అదే ఈడు పెయ్యల్ని కొలిచి వచ్చాడు. ఇవి బెత్తెడు ఎక్కువున్నాయి.

హిల్కా కోళ్ళకు గింజలు చల్లుతోంది.

"అమ్మా, ఇక్కడ దీపం ఎప్పుడు వేస్తారు?"

"పొద్దున ఐదింటికి, పాలు పితకడానికి వచ్చినప్పుడు."

"ఆర్పేది?"

"రాత్రి తొమ్మిదింటికి. కోళ్ళు పడుకోవద్దూ? వాటికి మా ఆయనకున్నంత తెలివి లేదు మరి."

రైమోకి ప్రాణం లేచొచ్చింది. రైతుల వైపు తిరిగి వేళ్ళు మడిచాడు. "విన్నారా? ఐదు నుంచి తొమ్మిది, పదహారు గంటలు! అదే ఈడు, అదే మేత, అదే దీపం. తేడా ఆర్పే చెయ్యి ఒక్కటే!"

కాగితం చింపబోయినాయన దాన్ని మోకాలి మీద పెట్టి సాపు చేసి, పక్కవాణ్ణి కలం అడిగాడు. తౌనో చెవులు ఎర్రబడ్డాయి. "సరేలే, పీకొద్దు. ఇంకో నాలుగు రాసుకో," అన్నాడు.

గెలిచినవాడు అక్కడితో నోరు మూసుకోవాలి. రైమో మూసుకోలేదు.

"సరుకంటే నాదీ! హిల్కా గారూ, మీ నోటితో మీరే చెప్పండి, నా పన్నెండో దీపం ఎలా ఉంది?"

హిల్కా తలెత్తి పైకి చూసింది. ఆమెతో పాటు అందరూ చూశారు. దూలానికి బూజు పట్టిన పాత ట్యూబులైటు వెలుగుతోంది.

"ఇది మా అత్తగారు పెట్టించింది నాయనా. నీ దీపానికేం, దివ్యంగా ఉంది. పెట్టె కూడా విప్పలేదు, దాని మీద నా కోడి పొదుగుతోంది."