దెబ్బ ఓర్చుకునే అమ్మాయి

“ఇంకొకటి!” అని అరిచింది లిండా.

ఎదురుగా ఉన్న అమ్మాయి కాలు విసిరి హేమశ్రీ తొడ మీద బలంగా తన్నింది. ఆ చప్పుడు హాలంతా వినిపించింది. హేమశ్రీ కదల్లేదు. మొహం కూడా చిట్లించలేదు.

లిండా ఆట ఆపించి దగ్గరికి వచ్చింది. న్యూ లిన్‌లో ఆ ఫుల్ కాంటాక్ట్ కరాటే స్కూలు ఆవిడదే. అక్కడ పోటీల్లో గ్లవ్స్ ఉండవు, ఒంటికి ప్యాడ్లు ఉండవు. దెబ్బ దెబ్బలాగే పడుతుంది.

“కొత్తగా వచ్చినవాళ్ళు దెబ్బంటే బెదిరిపోతారు. నువ్వు మొదటి రోజు నుంచీ బెదరలేదు. మరి తిరిగి కొట్టవేం?”

హేమశ్రీ గోడవారన బెంచీ మీద ఐస్ ప్యాక్ పట్టుకుని కూర్చున్న భర్త వైపు చూసింది.

ఆమె వచ్చిన ప్రతి క్లాసుకీ మహిధర్ వెంట వచ్చేవాడు. ఆమెను కరాటేలో చేర్పించింది అతనే. హన్మకొండ నుంచి ఈ పరాయి దేశానికి తీసుకొచ్చిన కొత్తలో ఆమె ఫ్లాట్ దాటి బయటికి వచ్చేది కాదు. అలాంటి పిల్లకి తెల్ల యూనిఫాం కొనిపెట్టి, డ్రైవ్ చేసి తీసుకెళ్ళి, క్లాసు అయ్యేదాకా కూర్చుని తీసుకొచ్చేవాడు.

“నెలలో సగం క్లాసులకి రారు. ఎందుకని?” అని లిండా అతన్నే అడిగింది.

“ఒంట్లో నలతగా ఉంటుంది. రెస్ట్ ఇవ్వాలి కదా,” అన్నాడు మహిధర్.

వాళ్ళ ఫ్లాట్ కిందే సావిత్రి డైరీ నడిపేది. పాలు, బ్రెడ్డు, పేపర్లు అమ్మే చిన్న కొట్టు. తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఆ వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఈ రెండిళ్ళవాళ్ళే.

“మళ్ళీ పెదవి చిట్లిందేమిటే అమ్మాయ్?”

“ప్రాక్టీసులో గుద్దు తగిలింది ఆంటీ. ఫుల్ కాంటాక్ట్ అంటే అంతే మరి,” అని మహిధర్ చెప్పేవాడు. “మా మేడంతో జాగ్రత్తగా ఉండండి, ఫైటర్!”

సావిత్రి పగలబడి నవ్వేది. ఒకసారి కన్ను నల్లబడితే, ఇంకోసారి దవడ వాస్తే, డైరీకి వచ్చిన కివీలకి, అంటే ఆ దేశపువాళ్ళకి కూడా ఆవిడే చెప్పేది, మా తెలుగమ్మాయి కరాటే నేర్చుకుంటోందని. వాళ్ళూ మెచ్చుకునేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం హేమశ్రీ ఒక్కతే వచ్చింది. కౌంటర్ దగ్గర నిలబడి, వేరే కస్టమర్ వెళ్ళేదాకా ఆగింది.

“ఆంటీ, ఈ కరాటే గురించి మీకొకటి చెప్పాలి.”

“మానేస్తానంటావా? కొడతా నిన్ను!” అంది సావిత్రి. “పనులన్నీ మానుకుని నీ వెంట తిరుగుతున్నాడు. అట్లాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడే? నా మాట విని బుద్ధిగా నేర్చుకో.”

హేమశ్రీ “సరే ఆంటీ,” అని బ్రెడ్డు తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నుంచి క్లాసులో మనిషి మారింది. లిండా చెప్పినట్టు అడుగు వేయడం, నడుము తిప్పి పొట్టలోకి గుద్దడం మొదలుపెట్టింది. మొదటిసారి గట్టిగా కొట్టినప్పుడు “సారీ” అంది. “ఇక్కడ సారీ లేదు,” అంది లిండా. ఆ రోజు హేమశ్రీ పళ్ళు కనబడేలా నవ్వింది. ఆమె అలా నవ్వగా లిండా ఎప్పుడూ చూడలేదు.

టౌరంగా అనే ఊళ్ళో పోటీ జరిగింది. హేమశ్రీకి ఎదురుగా ఆమె కంటే జానెడు పొడుగున్న పిల్ల వచ్చింది. ఛాతీ మీద వరుసగా గుద్దింది, రెండు తొడల మీదా తన్నింది. హేమశ్రీ వెనక్కి తగ్గకుండా అన్నీ భరించింది.

“కొట్టు హేమా! ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?” అని లిండా గొంతు చించుకుంది.

హేమశ్రీ ఒక్క క్షణం ముందు వరుసలో ఉన్న మహిధర్ వైపు చూసింది. తర్వాత తల తిప్పుకుని పక్కటెముకల కింద ఒకే ఒక్క గుద్దు గుద్దింది. ఆ పొడుగు పిల్ల మోకాళ్ళ మీద కూలబడి మరి లేవలేదు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మహిధరే.

“అబ్బో, చెయ్యి బాగానే లేస్తోందే!” అన్నాడు, కారు డోర్ తీసి పట్టుకుని.

మర్నాడు సావిత్రి పులిహోర కలిపి తీసుకుని పైకి వెళ్ళింది. హేమశ్రీ సోఫాలో ఒత్తిగిలి పడుకుని ఉంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కింది పెదవికి కుట్లు పడ్డాయి.

“గెలిచింది ఆంటీ!” అన్నాడు మహిధర్, కప్పు చూపించి. “కాకపోతే ఆ పొడుగు పిల్ల మొహమంతా గుద్దేసింది.”

“పోనీలే, గెలిచింది కదా. అంత నొప్పిలోనూ నిలబడింది, మామూలు విషయమా!” అంటూ సావిత్రి ఆమె తల నిమిరింది. హేమశ్రీ ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇంత ప్రేమగల పిల్ల అని మురిసిపోయింది సావిత్రి.

వాపు తగ్గేలోపే మహిధర్ ఎక్కడో దూరాన డునెడిన్‌ అనే ఊళ్ళో ఉద్యోగం చూసుకున్నాడు.

“అక్కడ మనవాళ్ళు ఎవరున్నారు నాయనా?”

“ఎవరూ లేకపోతేనే ప్రశాంతం ఆంటీ,” అన్నాడు. సామాన్లు ఎక్కించడానికి సావిత్రే సాయం చేసింది. కారు మలుపు తిరిగేదాకా హేమశ్రీ అద్దంలోంచి వెనక్కే చూస్తూ ఉంది. ఫోన్ నంబరు మహిధర్ ఇస్తానన్నాడు గానీ ఇవ్వలేదు.

ఆ పిల్లను చూసిన ముచ్చటతో సావిత్రి తన మనవరాలు అమూల్యను లిండా దగ్గరికి తీసుకెళ్ళింది.

“నేర్పించాలనే ఉంది,” అంది చివరికి, అమూల్య బుగ్గ నిమురుతూ. “కాకపోతే ఆడపిల్ల కదా, మొహం మీద గుద్దులు తగులుతాయేమోనని నా భయం.”

లిండా నవ్వేసింది.

“మా కరాటేలో మొహం మీద చేత్తో కొట్టకూడదండీ.”